కుర్చీలో కూర్చున్న మనిషి బొమ్మ

శ్రీకాకుళం జిల్లాలో కొండసవర గిరిజనుల పక్కా ఇళ్లకు నమూనాలు ఖరారు చేసే అధికారులకు, ఇంజనీర్లకు. అదే జిల్లా పట్టణాల్లో ప్రహరీ గోడలకు ‘గిరిజన కళ’ పేరిట రంగులు వేయించే పెద్దలకు,

ఉద్దానంలో పుట్టి, మందస కొండల కింద బడిపంతులుగా పనిచేసి రిటైరైన ఒక మనిషి నమస్కరించి రాయునది.



సవరల ఇంటి గోడ మీది బొమ్మల్లో మీరు ఎప్పటి నుంచో ఉన్నారు. ఆ సంగతి మీకెవరూ చెప్పినట్టు లేదు. వెరియర్ ఎల్విన్ అనే మానవశాస్త్రవేత్త మనకు అవతలి వైపు గంజాం, కోరాపుట్ కొండల్లో సవర గూడలు తిరిగి 1955లో ఒక పెద్ద పుస్తకం అచ్చు వేశాడు. ఆయన చూసిన గోడల మీద ఏనుగులు, గుర్రాలు, సూర్యుడు, చంద్రుడు, చెట్లు, దువ్వెనలు ఉన్నాయి. వాటి పక్కనే రైలుబండి ఉంది, విమానం ఉంది, ఫారెస్టు గార్డు ఉన్నాడు, కుర్చీలో కూర్చున్న అధికారి ఉన్నాడు. పోయినవాళ్ళు వెళ్ళే లోకంలో కూడా కచేరీలు ఉంటాయని, అక్కడా కాగితాలు రాసేవాళ్ళు, పోలీసులు ఉంటారని సవరల లెక్క. అందుకే బొమ్మలో మీకు చోటిచ్చారు. కుర్చీ వేసి మరీ ఇచ్చారు. మరి మీరు గీసే ఇంటి ప్లానులో ఆ గోడకు చోటెందుకు లేదు? ఈ ఉత్తరం అది అడగడానికే.

కిందటి వేసవిలో, ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్లవాడు పిలిస్తే అతని గూడకు వెళ్ళాను. ఏ మండలమో, ఏ శాఖో రాయను. రాస్తే అది ఎవరో ఒక కుర్ర ఉద్యోగి మెడకు చుట్టుకుంటుంది. చుట్టుకోవాల్సింది అతని మెడకు కాదు. వరసగా ఉండే పాత ఇళ్లు సగం పోయాయి. వాటి చోట గులాబీ రంగు శ్లాబు ఇళ్లు లేస్తున్నాయి. ఆ పిల్లవాడి మామ్మ పాత ఇంట్లో, వంట పొయ్యికి ఎదురుగా, పొగ పట్టిన ఒక బొమ్మ గోడ ఉండేది. ముప్పై ఏళ్ల కింద మొదటిసారి దాన్ని చూసినప్పుడు కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా నాకేమీ కనపడలేదు. ఆ తరువాత ఒక్కో మనిషీ బయటికి వచ్చినట్టు తేలారు.

“మామ్మా, బొమ్మ గోడేదీ?” అని అడిగాను.

“ఆ గోడా బాబూ? పునాదిలో ఏసీసినారు. మట్టి మంచిది గదా, ఏరే మట్టి తేవడం ఎందుకన్నారు.”

“మరి మీవోళ్ళు?”

“ఉంటారు. ఎక్కడికి ఎల్తారు? కిందే ఉంటారు. మాం తొక్కతన్నాం.”

ఆమె ఏడవలేదు. కోపంగానూ చెప్పలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతూ చెప్పింది. అక్కడే ఉన్న ఇంజనీరు కుర్రాడు మర్యాదస్తుడు. నా ముఖం చూసి ఫోను తీశాడు. “పాత ఇల్లు ఫొటో తీసే కూల్చాం సార్, జియో ట్యాగింగ్ కూడా అయిపోయింది” అన్నాడు. నిజమే, ఫొటో ఉంది. ఆ ఇల్లు ఏ అక్షాంశం మీద ఉందో, ఏ రేఖాంశం మీద ఉందో అంకెలతో సహా ఉంది. ఫొటో వీధిలోంచి తీసింది. బొమ్మ ఇంటి లోపల ఉండేది.

రెండు వారాల తరువాత ఒక పట్టణంలో బస్సు దిగితే, ఎదురుగా ఒక ప్రహరీ నిండా బొమ్మలు. ఇటుక రంగు పెయింటు మీద తెల్ల మనుషులు. రేకు స్టెన్సిలు పెట్టి స్ప్రే కొట్టినట్టున్నారు, అంచుల దగ్గర రంగు కారి చారలు కట్టింది. కింద పెద్ద అక్షరాలతో ‘సవర చిత్రకళ’ అని రాశారు. దగ్గరికి వెళ్ళి చూశాను. మనుషులు చేతులు పట్టుకుని నత్తగుల్ల చుట్టలాగా తిరుగుతున్నారు. నడుమ ఒకడు పొడుగాటి బూర ఊదుతున్నాడు. ఆ బూర పేరు తార్పా. మహారాష్ట్రలో వార్లీ గిరిజనులు ఊదుతారు. మన మహేంద్రగిరి చుట్టుపక్కల దాన్ని ఊదేవాడు లేడు.

ఒక గోడను పునాదిలో పూడ్చి, దాని పేరు తీసుకెళ్లి ఇంకో గోడ మీద, ఇంకెవరి బొమ్మకో తగిలించారు. రెండు పనులకూ రెండు ఫైళ్లు ఉండి ఉంటాయి, ఇద్దరు అధికారులు సంతకాలు పెట్టి ఉంటారు. ఇద్దరిలో ఒకరైనా ఒక సవర మనిషిని కూర్చోబెట్టి అడిగారా?

ఆ గోడ ఏమిటో మీకు చెప్పాలి. చెప్పకపోతే, ముసలాయన బొమ్మ కోసం బెంగపడుతున్నాడని మీరు అనుకుంటారు. దాన్ని ఇత్తల్ అని, ఇడితాల్ అని అంటారు. రాయడం, గోడ అనే రెండు మాటలు కలిసిన పేరు అది. అంటే వాళ్ళ లెక్కలో అది రాత. ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తుంది, లేదా పంట తేలిపోతుంది, లేదా పోయిన మనిషి కలలో కనపడి నాకు చోటు లేదంటాడు. మన తెలుగువాళ్ళం ఎజ్జోడు అనే మనిషి వచ్చి, అడుగుతున్నది ఎవరో, ఏం కావాలంటున్నారో కనుక్కుంటాడు. అప్పుడు గోడకు ఎర్రమన్ను నీళ్లు పూస్తారు. నానబెట్టి నూరిన బియ్యప్పిండి, కొస నలగగొట్టిన పుల్ల, ఇవే సామాను. ముందు నాలుగు పక్కలా చట్రం గీస్తారు. ఆ చట్రమే ఇల్లు. చట్రం అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి నింపుకుంటూ పోతారు: ఆ ఇంట్లో ఉండాల్సిన మనుషులు, వాళ్ళ పశువులు, ఎక్కి తిరగడానికి గుర్రం, కాపలాకు బంట్లు, అవసరమైతే రైలు. పట్టణం గోడ మీద వేసిన వార్లీ మనిషికి నడుము సూదిమొనలాగా సన్నబడుతుంది, రెండు త్రిభుజాలు మొనలు ఆనించినట్టు. సవర మనిషికి అంత పదును ఉండదు. ఇది ఒక్కసారి చూపిస్తే ఐదో క్లాసు పిల్లలు గుర్తుపట్టారు, నా బడిలోనే.

గీయడంతో పని అయిపోదు. బొమ్మ ముందు కుండలు వేలాడదీస్తారు, దీపం పెడతారు, కల్లో సారాయో అన్నమో పెట్టి పిలుస్తారు. ఎవరి కోసం గీశారో వాళ్ళు వచ్చి కూర్చునేదాకా అది ఖాళీ ఇల్లు. వచ్చాక, మనిషి ఉన్న ఇల్లు. నగరాల గ్యాలరీల్లో ఇన్‌స్టలేషన్ అంటూ గది నిండా వస్తువులు వేలాడదీసి టికెట్టు పెడతారు చూడండి, అలాంటి దాన్ని ఈ కొండల మీద వంటింటి గోడకు, ఇంటిల్లిపాదీ కలిసి, టికెట్టు లేకుండా ఏనాటి నుంచో కట్టుకుంటున్నారు. మీ ఎస్టిమేటులో ‘పాత కట్టడం తొలగింపు’ అనే ఒక పద్దు ఉంటుంది. ఆ పద్దు రాసేటప్పుడు లోపల కాపురం ఎవరిదో చూడాల్సిన బాధ్యత ఎవరిది?

ఇది కొండల మీది వింత అని, కింద ఉన్న మనకు సంబంధం లేదని అనుకోకండి. మందస, సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇళ్లలో మార్గశిరమాసం గురువారాల్లో తెల్లారకముందే గడపల దగ్గర ఝొటి వేస్తారు. బియ్యప్పిండిని నీళ్లలో కలిపి, వేళ్లతోనే, వరి వెన్నులు, తామరపూలు, లోపలికి నడిచి వచ్చే లక్ష్మి పాదాలు. అదే నెలలో వీధికి ఇటువైపు మా తెలుగు ఇళ్లలో నెలగంట పెట్టి ముగ్గులు మొదలవుతాయి. మా అమ్మ పండక్కి ముందు మా మట్టిగోడకు ఎర్రమన్ను పూసి, అడుగున బియ్యప్పిండితో పద్మాలు పెట్టేది. ఒకసారి జీడిపిక్కలు అమ్మడానికి దిగివచ్చిన సవర ఆడవాళ్ళు ఆ గోడ ముందు ఆగి, తమలో తాము ఏదో అనుకుని నవ్వారు. అమ్మ ‘ఏటి నవ్వుతన్నారు’ అని అడిగితే, ‘ఇల్లు గీసినావు, మనుసులేరీ’ అన్నారట. మూడు భాషల వాళ్ళం ఒకే బియ్యప్పిండితో ఒకే పని చేస్తున్నామని నాకు ఆ మాటతోనే తెలిసింది. మహేంద్రతనయ నది కొండల్లోంచి దిగి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ నీటి వెంట ఉన్న ఊళ్లన్నిటికీ ఇంటి గోడ అంటే మాట్లాడే చోటు. పలాస జీడిపప్పు కార్ఖానాలకు కొండల మీది పిక్క కావాలి. ఆ పిక్క మోసుకొచ్చిన మనిషి ఇంటి గోడ మాత్రం అక్కర్లేకపోయిందా?

మట్టి ఇళ్లే ముద్దు అనే మనిషిని కాను నేను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 140, 150 కిలోమీటర్ల మీద వీచింది. మా పెంకులు గాల్లో లేచి ఎక్కడ పడ్డాయో ఇప్పటికీ తెలీదు. అమ్మ పద్మాలు పెట్టిన గోడ వానకు నాని, తెల్లారేసరికి కూర్చుండిపోయింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకు ఒరిగాయి. పొద్దున ఆ గోడ మీద నుంచి దాటుకుంటూ బయటికి వచ్చినవాణ్ణి. శ్లాబు కింద పడుకుంటే నిద్ర ఎలా పడుతుందో నాకు తెలుసు. కొండ మీది ముసలమ్మకు ఆ నిద్ర అక్కర్లేదని చెప్పే హక్కు నాకు లేదు, ఎవరికీ లేదు. ఇల్లు పక్కాగా ఉండాల్సిందే. పక్కా ఇల్లంటే లోపలి నాలుగు గోడలూ నున్నగా, గులాబీగా, మాటా పలుకూ లేకుండా ఉండాలని ఎవరన్నారు?

మీ నిబంధనలైతే అనలేదు. 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ పథకం దేశంలో 75 ఆదిమ తెగల కోసం. కొండసవరలు అందులో ఉన్నారు. 24,104 కోట్ల రూపాయలు, 4.90 లక్షల ఇళ్లు, ఇంటికి 2.39 లక్షలు అని ప్రకటించారు. డబ్బు చాలదనే మాట ఇక్కడ చెల్లదు, నేను అడిగేదానికి ఖర్చు లేదు కాబట్టి. ఈ ఇళ్లకూ వర్తించే గ్రామీణ ఆవాస్ యోజన మార్గదర్శకాల ప్రకారం ఇల్లు కట్టుకునేది లబ్ధిదారే, కాంట్రాక్టరును పెట్టకూడదు. వంట చోటుతో కలిపి కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి. ఆపైన ఇల్లు ఎలా ఉండాలో వాళ్ళ ఇష్టం. ఏ ప్రాంతం ఇల్లు ఆ ప్రాంతం మట్టికీ గాలికీ తగినట్టు కట్టుకోవాలని కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ‘పహల్’ పేరుతో రాష్ట్రాల వారీగా నమూనాల పుస్తకం అచ్చు వేయించింది. మరి కట్టుకునేది మామ్మే అయితే, నమూనా ఎంచుకునేది ఆమే అయితే, గూడలో అన్ని ఇళ్లూ ఒకే అచ్చులోంచి తీసిన ఇటుకల్లాగా ఎలా వచ్చాయి? ఆమె ఎంచుకున్నట్టు వేలిముద్ర మీ ఫైల్లో ఉందా? ఉంటే, ఎన్ని నమూనాలు చూపించాక వేయించుకున్న వేలిముద్ర అది?

ఇంజనీరు గారూ, ఇప్పుడు మీతో కాస్త పని మాట. మామ్మ కొత్త ఇంట్లో ప్రయత్నం చేయకపోలేదు. ఎర్రమన్ను తెచ్చి సిమెంటు గోడకు పూసింది. ఎండగానే అప్పడంలాగా లేచి పెచ్చులు రాలింది. పక్క ఇంట్లో పుట్టీ పెట్టి రంగు వేశారు, అక్కడ అసలు పట్టనే లేదు, చెమట కారినట్టు కారిపోయింది. ‘ఈ గోడ నీరు తాగదు బాబూ’ అంది. దానికి మందు మీకు నాకంటే బాగా తెలుసు. లోపల ఒక్క గోడకు ఒక్క వైపు ప్లాస్టరింగు చేయకుండా ఇటుక గరుకుగా వదిలేస్తే, ఊక, పేడ కలిపి పిసికిన మట్టి దాన్ని పట్టుకుంటుంది. ఆ పూత పని ఆడవాళ్ళు ఒక్క పూటలో చేసుకుంటారు. మీకు సిమెంటు కలిసొస్తుంది. గోడ బలానికి నష్టం లేదు, శ్లాబుకు నష్టం లేదు. నేను మిమ్మల్ని ఏదో చేయమనడం లేదు. ఒక చోట ఒక పని చేయకుండా ఆగమంటున్నాను. ఆగడానికి ఏ జీవో కావాలి?

ఇళ్ల మధ్య ఒక మామూలు మనిషి చేత్తో కట్టుకున్న దాన్ని చూసి ప్రభుత్వాలు కంగారుపడటం కొత్తేమీ కాదు. అమెరికాలో లాస్ ఏంజిలెస్ నగరంలో సైమన్ రోడియా అనే ఇటలీ కూలీ 1921 నుంచి 1954 దాకా, ముప్పై మూడేళ్లు, తన ఇంటి స్థలంలో ఇనుప కడ్డీలు వంచి, సిమెంటు పూసి, పగిలిన పింగాణీ, గాజు సీసాలు, గవ్వలు అతికించి గోపురాలు లేపాడు. వాట్స్ టవర్స్ అంటారు. ఒకటి దగ్గర దగ్గర 30 మీటర్ల ఎత్తు. ఆయన వెళ్ళిపోయాక నగరపాలక సంస్థ అవి ప్రమాదకరమంది, కూల్చేయమంది. అప్పుడు అడ్డం నిలబడిన వాళ్ళలో బడ్ గోల్డ్‌స్టోన్ అనే ఇంజనీరు ఉన్నాడు. విమానాల బలం లెక్కలు కట్టే వృత్తి ఆయనది. పరీక్ష పెట్టండి, కదిలితే కూల్చండి అన్నాడు. 1959 అక్టోబరులో ఉక్కుతాడు కట్టి పక్కకు లాగారు, 10,000 పౌండ్ల బలంతో, అంటే నాలుగున్నర టన్నులు. గోపురం కదల్లేదు. లాగే యంత్రానిదే దూలం వంగింది. ఇప్పుడు అవి జాతీయ స్మారకం. మన దేశంలో చండీగఢ్‌లో నేక్‌చంద్ అనే రోడ్ ఇన్‌స్పెక్టరు చెత్తలో పారేసిన పింగాణీ ముక్కలతో, గాజులతో రహస్యంగా కట్టిన తోట 1975లో బయటపడితే, అక్కడా ముందు లేచిన మాట కూల్చివేతే. ఏడాది తిరిగేసరికి దాన్ని జనానికి తెరిచి, ఆయనకు జీతం, యాభై మంది కూలీలను ఇచ్చారు. ఈ రెండు చోట్లా కళ తెలిసినవాళ్ళు మాత్రమే కాపాడలేదు. కూల్చే సంతకం పెట్టే ముందు ఇంకోసారి చూడటం కూడా కాపాడింది.

పట్టణాల పెద్దలకు ప్రత్యేకంగా ఒక మాట. స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకులు 2016లో మొదలైన దగ్గర నుంచి ఖాళీ గోడ కనపడితే చాలు, బ్రష్ పట్టుకుంటున్నారు. పోస్టర్లు, పాన్ ఉమ్ములు తగ్గాయి, సంతోషం. మా వైపు తెలినీలాపురం కొంగలు, నౌపడ ఉప్పుకొఠారులు, కొబ్బరితోటలు ఎన్నైనా వేసుకోండి, కొంగలు వచ్చి పోట్లాడవు. సవరల పేరు పెట్టి వేసేటప్పుడు మాత్రం సవర మనిషి ఆ గోడ దగ్గర నిలబడి ఉండాలి. ఒడిశా వాళ్ళు 2024 జనవరిలో లాంజియా సవర చిత్రకళకు భౌగోళిక గుర్తింపు సంపాదించుకున్నారు. కొండకు అవతల ఆ రాతకు కాగితం మీద ఒక పేరు, ఒక చిరునామా ఉన్నాయి. ఇవతల మనకు రేకు స్టెన్సిలు ఉంది. బొమ్మ వేసిన మనిషి పేరు, గూడ పేరు మూలన అంగుళం ఎత్తు అక్షరాలతో రాయడానికి మీకేం అడ్డం? ప్రారంభించిన వారి పేర్లు శిలాఫలకం మీద రెండు అడుగుల మేర చెక్కించలేదా? రోజు కూలి ఎంత ఇస్తున్నారో కూడా అడుగుతాను. టెండరు దక్కించుకున్న పెయింటరుకు చదరపు అడుగు లెక్కన ఎంత పోతుందో, అందులో కొండ ఎక్కేది ఎంతో, ఆ లెక్క మీ గోడ మీదే వేయించండి.

ఇంకోటి. సవరలు బయట వేయని బొమ్మలు కూడా ఉంటాయి. చచ్చిపోయిన తాతను పిలవడానికి గీసిన ఇల్లు బస్టాండు గోడకు పనికొస్తుందో లేదో చెప్పాల్సింది మీరు కాదు, నేనూ కాదు. అడిగితే వాళ్ళే ‘ఇది వెయ్యొచ్చు, ఇది వద్దు’ అంటారు. వేటకు వెళ్ళే మనుషులు, కొత్తల పండుగ, పోడు చేను, నెమళ్ళు, చాలా ఉన్నాయి వేయడానికి.

మీ తరఫున మాట్లాడేవాళ్ళు నాకు ఒక ప్రశ్న వేస్తారని తెలుసు: వాళ్ళే చెరిపేస్తున్నారు కదా, మీకెందుకు నొప్పి? నిజమే. చాలా సవర కుటుంబాలు క్రైస్తవం తీసుకున్నాయి. పీర్స్ విటెబ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1970ల నుంచి ఒడిశా వైపు సవరల మధ్య ఉండి, వాళ్ళ భాష నేర్చుకుని, ఆ మార్పునంతా కళ్ళతో చూసి 2017లో పుస్తకం రాశాడు. పోయినవాళ్ళతో రోజూ మాట్లాడే అలవాటున్న జనం ఒక్క తరంలో ఆ మాట మానేశారు. దాంతో గోడ మీది ఇళ్ల అవసరమూ తీరిపోయింది. ఇవతల కూడా అదే జరుగుతోంది. నా శిష్యుడే ఆదివారం గుడారంలో ప్రార్థనకు వెళతాడు, వాళ్ళ మామ్మ వెళ్ళదు. ఇద్దరూ ఒకే కుండలో తింటారు. అతను గోడ చెరిపితే అది అతని నమ్మకం. ఆమె గోడ మళ్ళీ అలికి కొత్తది రాయించుకుంటే అదీ ఆమె నమ్మకమే. నిజానికి ఆ బొమ్మలు ఎప్పుడూ చెరిగి మళ్ళీ రాసేవే, మా అమ్మ ముగ్గు రోజూ చెరిగినట్టు. చెరపడం ఇంటివాళ్ళ పని. మధ్యలో జేసీబీకి ఏం సంబంధం? ఇంటివాళ్ళు చెరిపిన చోట రేపు మనసు మారితే మళ్ళీ రాసుకోవచ్చు. మీరు కట్టిచ్చిన గోడ మీద మనసు మారినా రాయడానికి లేదు.

గిడుగు రామమూర్తి గారి పేరు చెబితే మీరంతా లేచి నిలబడతారు. ఆగస్టు 29న దండ వేస్తారు, వాడుక భాష గురించి మాట్లాడతారు. ఆయన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరల మాట నేర్చుకున్నాడు. నేర్చుకోవడానికి ముందు పుస్తకం లేదు, నిఘంటువు లేదు. సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని అడిగి అడిగి రాసుకున్నాడు. ఆ కొండల్లో పట్టిన మలేరియాకు వేసుకున్న క్వినైనుతో చెవుడు వచ్చింది. 1931లో సవర భాషకు వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. ఒక్కొక్క మాట వినడానికి చెవులు ఇచ్చుకున్న మనిషి జిల్లా ఇది. ఆ జిల్లాలో ఇల్లు కట్టించే ముందు ఇంటావిడను ఒక్క మాట అడగడానికి మీకు తీరిక లేకపోయిందా? 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు గిరిజనాభివృద్ధి చూసే సీతంపేట ఐటీడీఏ పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్ళింది. పలాస, టెక్కలి వైపు కొండల కింద ఉన్న గూడలు ఇక్కడే మిగిలాయి. ఆ రోజు నుంచి ఈ గూడల కాగితాలు ఏ గుమ్మానికి వెళ్ళాలో తేలక చేతులు మారుతున్నాయి. వినేవాళ్ళు దూరమైనప్పుడు దగ్గరున్న మీ మీద బరువు పెరుగుతుంది కానీ తగ్గదు.

నేను అడిగేది చెప్పేశాను, మళ్ళీ చెప్పను. మిగిలిన ఇళ్లకు ఇంకా పునాదులు తీయలేదు. తీసే ముందు ఒకరోజు గూడకు రండి. ఇంటి బయట ఫొటో తీసుకున్నాక, తల వంచి లోపలికి కూడా వెళ్ళండి. గుమ్మం పొట్టిగా ఉంటుంది, తగులుతుంది. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి రెండు నిమిషాలు పడుతుంది. గోడ ఎవరి కోసమో అడగండి. ఉంచమంటారా, తీసేయమంటారా, కొత్తింట్లో ఎటు వైపు కావాలో అడిగి రాసుకోండి.

మామ్మ ఇల్లు ఎలాగూ అయిపోయింది. ఆమె వంట చోటు వెనక గోడ ఒకటి ఇంకా పూత వేయకుండా ఉంది; సిమెంటు బస్తాలు రాలేదని మేస్త్రీ ఆపాడు. మొన్న శిష్యుడితో కొలిపించాను. బొమ్మకు దొరికే చోటు వెడల్పు నాలుగు అడుగుల రెండు అంగుళాలు, ఎత్తు మూడున్నర అడుగులు. కాస్త ఒక పక్కకు కిటికీ ఉంది, పర్వాలేదంది. ఎర్రమన్ను తెచ్చి గోనెసంచిలో పెట్టింది. బస్తాలు వచ్చేలోపు మీ మేస్త్రీకి ఒక ఫోను చేయించండి.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక రిటైర్డ్ తెలుగు పంతులు